సెకనులో 250వ వంతు నిజం

మే నెలలో మా నూజివీడు వైపు ఎప్పుడైనా వచ్చారా? రోడ్డుకి రెండు పక్కలా మామిడి తోటలు, తోటల మధ్య టార్పాలిన్ షెడ్లు, షెడ్ల ముందు లారీలు. బంగినపల్లి, చిన్న రసం, పెద్ద రసం, కొత్తపల్లి కొబ్బరి... కాయలు గ్రేడింగ్ చేసే చేతులు ఆగవు, కాటా ఆగదు, ఫోన్లు ఆగవు. ఆ షెడ్లలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చెవిలో పెన్సిల్ పెట్టుకుని ఫోన్ మాట్లాడే మనిషిని మీరు చూసే ఉంటారు. సీజన్‌లో ఆయన చేతి మీదుగా లక్షల సరుకు వెళ్తుంది. ఊళ్లో ఆయనే పెద్ద వ్యాపారి.

అలాంటి ఒకాయన ఫొటో తీసి నేను పెద్ద తప్పు చేశాను. ఈ వ్యాసం ఆ తప్పు గురించే. ఫొటోగ్రఫీని ఉద్యోగంగానో, పార్ట్‌టైమ్‌గానో ఎంచుకుందామనుకునే వాళ్లకి ఇది నేరుగా పనికొస్తుంది. మిగతావాళ్లకీ పనికొస్తుందని ఎందుకు అంటున్నానో చివర్లో చెప్తాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఇంజినీరింగ్ అయిపోయింది, ఉద్యోగం రాలేదు. ఫోన్లు, కెమెరాల గురించి బ్లాగ్ రాసుకుంటున్నా. ఒక వ్యాపార సంఘం వాళ్లు సావనీర్ వేస్తూ, ‘మీ ఊరి మామిడి వ్యాపారి పోర్ట్రెయిట్ ఒకటి కావాలి, తీస్తావా?’ అని అడిగారు. ఎగిరి గంతేశా. లెన్స్ అద్దెకి తెచ్చా. వెళ్లేసరికి ఆయన ఎండాకాలంలో కోటు వేసుకుని, ఏసీ గదిలో, దేవుడి పటాల కింద బిగుసుకుని కూర్చున్నారు. నలభై ఫొటోలు తీశా. నలభైలోనూ పాస్‌పోర్ట్ ఫొటో ముఖమే.

ఇంతలో ఫోన్ వచ్చింది. ఢిల్లీ వెళ్లే లారీ దారిలో ఆగిపోయిందట. ఆయన కోటు విప్పి కుర్చీ మీద పడేసి షెడ్‌లోకి నడిచారు. నేనూ వెనకే వెళ్లా. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక్క క్షణం నుదుటి మీద చెయ్యి పెట్టుకుని తల వంచారు. క్లిక్! షట్టర్ స్పీడ్ సెకనులో 250వ వంతు. స్క్రీన్ మీద చూసుకుంటే ఒళ్లు ఝల్లుమంది. ‘ఇదీ అసలు ఫొటో’ అనుకున్నా. ఆయన్ని అడగకుండానే ఆ రాత్రి ‘సీజన్ భారం’ అని శీర్షిక పెట్టి బ్లాగ్‌లో వేసేశా. అది వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్లింది.

మర్నాడు పొద్దున్నే ముగ్గురు రైతులు ఆయన షెడ్‌కి వచ్చారు. ‘మా డబ్బులు ఇప్పుడే ఇచ్చెయ్యి’ అని కూర్చున్నారు.

ఎందుకో అర్థమైందా? మామిడి వ్యాపారం నమ్మకం మీద నడుస్తుంది. తోట ముందే మాట్లాడుకుంటారు, కొంత అడ్వాన్స్ ఇస్తారు, మిగతాది కాయ అమ్ముడయ్యాక. అలాంటి వ్యాపారి తల పట్టుకున్న ఫొటో బయటికొస్తే దానికి ఒకటే అర్థం: ఆయన దివాలా తీస్తున్నాడు! నిజానికి ఫోన్ వచ్చిన పావుగంటకే ఇంకో లారీ దొరికింది. ఆయన నవ్వుతూ నాకు రసం కాయ కోసి పెట్టారు కూడా. ఆ నవ్వు నా కెమెరాలో లేదు. కాయ తినడంలో ఉన్నా కదా!

వెంటనే ఫొటో తీసేశా. వెళ్లి క్షమాపణ చెప్పా. ఆయన తిట్టలేదు. ‘అబ్బాయ్, నేను తల పట్టుకున్న మాట నిజమే. కానీ నువ్వు చూపించింది నిజం కాదు’ అన్నారు. అంతకంటే మంచి ఫొటోగ్రఫీ పాఠం నాకు ఇంకెవరూ చెప్పలేదు.

కోటూ అబద్ధమే, తల పట్టుకోవడమూ అబద్ధమేనా?

పెద్ద వ్యాపారవేత్తల పోర్ట్రెయిట్లలో సహజత్వం గురించి మనకో అపోహ ఉంది. పోజు ఇస్తే నకిలీ, చూసుకోనప్పుడు తీస్తే అసలు అని. ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా ‘క్యాండిడ్’ మంత్రమే. వాళ్ల ముసుగు లాగేస్తే లోపల అసలు మనిషి ఉంటాడనే నమ్మకం. కానీ వ్యాపారం చేసే మనిషికి సంతకం ఎంతో, ముఖం కూడా అంతే. అప్పు ఇచ్చేవాడు, సరుకు ఇచ్చేవాడు, జీతం తీసుకునేవాడు అందరూ ఆ ముఖం చూసే ధైర్యం తెచ్చుకుంటారు. అందుకే వాళ్లు కెమెరా ముందు బిగుసుకుపోతారు. అది అహంకారం కాకపోవచ్చు, బాధ్యత కావచ్చు.

ఈ గొడవ కొత్తదేం కాదు. 1903లో న్యూయార్క్‌లో ఎడ్వర్డ్ స్టైకెన్ అనే కుర్ర ఫొటోగ్రాఫర్‌కి అప్పటి అతిపెద్ద బ్యాంకర్ జె.పి.మోర్గాన్ ఫొటో తీసే అవకాశం వచ్చింది. మోర్గాన్‌కి కెమెరా అంటే చిరాకు, టైమ్ తక్కువ. స్టైకెన్ ఏం చేశాడంటే, ముందుగానే ఆ భవనంలో పనిచేసే మనిషిని అదే కుర్చీలో కూర్చోబెట్టి లైటింగ్ సరిచూసుకున్నాడు. మోర్గాన్ వచ్చాక మూడు నిమిషాల్లో పని ముగించాడు. మొదటి ఫొటో మోర్గాన్ తనకి అలవాటైన పోజులో దిగింది. రెండోదానికి తల కాస్త జరపమన్నాడు స్టైకెన్. మోర్గాన్‌కి చిరాకేసింది. ఆ చిరాకు కళ్లలోకి వచ్చింది. క్లిక్! ఈ రెండో ఫొటో ప్రూఫ్ చూసి మోర్గాన్ చింపేశాడట. ఇవాళ ప్రపంచం గుర్తుపెట్టుకున్నది మాత్రం దాన్నే.

ఆ ఫొటోలో మోర్గాన్ చేతిలో కత్తి ఉన్నట్టు కనిపిస్తుంది. నిజానికి అది వెలుగు పడిన కుర్చీ చెయ్యి! చూశారా, ‘మోర్గాన్ అసలు స్వరూపం’ అని అందరూ మెచ్చుకునే ఫొటోలో కూడా అందరికీ మొదట కనిపించేది లేని కత్తి. కెమెరా అబద్ధం చెప్పదంటారు. ఫ్రేమ్ మాత్రం చెప్పగలదు.

ఇంకో ఉదాహరణ. 1963లో ఆర్నాల్డ్ న్యూమన్ జర్మనీ వెళ్లి పారిశ్రామికవేత్త ఆల్‌ఫ్రీడ్ క్రుప్‌ని ఫొటో తీశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఖైదీలతో వెట్టి చాకిరీ చేయించినందుకు 1948లో న్యూరెంబర్గ్ కోర్టులో శిక్ష పడి, 1951లో విడుదలైన మనిషి క్రుప్. న్యూమన్ యూదుడు. ఫ్యాక్టరీ వెనకాల కనిపించేలా కూర్చోబెట్టి, రెండు పక్కల నుంచి లైట్లు వేసి, కాస్త ముందుకి వంగమన్నాడు. ఫొటోలో రాక్షసుడిలా కనిపించాడు క్రుప్. కావాలనే అలా తీశానని న్యూమన్ దాచుకోలేదు. అతని దగ్గర కోర్టు తీర్పు ఉంది, చరిత్ర ఉంది. నా దగ్గర ఏముంది? లారీ ఆగిపోయిన ఒక ఫోన్ కాల్. ఎదుటి మనిషి ఒప్పుకోని ముఖాన్ని లోకానికి చూపించాలంటే అంత పెద్ద కారణం ఉండాలి. లైకులు కారణం కావు.

ఒక ఇంజినీర్ ఫొటోగ్రాఫర్ అయితే

ఇంజినీరింగ్ చదివి కెమెరా పట్టుకుంటే ఇంట్లో ఏమంటారో మీకు తెలుసు. వాళ్లకి రాజా దీన్ దయాళ్ గురించి చెప్పండి. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టారు. రూర్కీలోని థామసన్ కాలేజీలో ఇంజినీరింగ్ చదివారు. ఇందౌర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేస్తూ కెమెరా పట్టుకున్నారు. తర్వాత మన హైదరాబాద్‌కి వచ్చి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యారు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. నిజాం ఆయనకి ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ఇచ్చారు.

ఆయన చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసమే ప్రత్యేకంగా స్టూడియో పెట్టారు. అక్కడ ఫొటోలు తీసేది కూడా మహిళే. పరదా పాటించే కుటుంబాల స్త్రీలు మగ ఫొటోగ్రాఫర్ ముందు కూర్చోరు, కూర్చున్నా స్థిమితంగా ఉండరు. వాళ్లని ‘సహజంగా ఉండండమ్మా’ అని అంటే సరిపోతుందా? వాళ్లు సహజంగా ఉండగలిగే చోటు కట్టారు. తేడా అక్కడుంది. సహజత్వం అడిగితే రాదు. అది వచ్చే ఏర్పాటు మనం చెయ్యాలి.

రెండోసారి ఎలా తీశానంటే

తర్వాతి సీజన్‌కి మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లా. ‘బాబాయ్, ఈసారి మిమ్మల్ని అడిగే తీస్తా’ అన్నా. నవ్వి సరే అన్నారు. మొదటి రోజు కెమెరా బ్యాగులోంచి తియ్యలేదు. తెల్లారి ఐదింటికి వెళ్లి మూల కూర్చున్నా. ఆయన ఏం చేస్తారో చూశా. కాయ చేతికి రాగానే ముందు తొడిమ దగ్గర బొటనవేలు పెడతారు. సొన కారకుండా పట్టుకుంటారు. పద్దుల పుస్తకంలో పెన్సిల్‌తోనే రాస్తారు. లెక్క కుదిరాక ఎడమ కనుబొమ్మ కొంచెం పైకి లేస్తుంది. ఇవేవీ ఏసీ గదిలో నాకు కనిపించలేదు.

రెండో రోజు వెలుతురు సంగతి చూసుకున్నా. ఇది మీరు రాసిపెట్టుకోండి. నీలం టార్పాలిన్ కింద తీస్తే ముఖం నీలంగా వస్తుంది. మామిడి చెట్టు కింద తీస్తే ఆకుల్లోంచి వచ్చే వెలుతురు వల్ల చెంపల మీద ఆకుపచ్చ ఛాయ పడుతుంది. రెండూ మన మనిషిని జబ్బుపడ్డట్టు చూపిస్తాయి. అందుకే షెడ్ అంచుకి, నీడ అయిపోయి వెలుతురు మొదలయ్యే చోటుకి క్రేట్ బోర్లించి వేశా. ఎదురుగా ఆకాశం, వెనక షెడ్ చీకటి. ఒక పక్క తెల్ల థర్మకోల్ షీట్ ఆనించి పెడితే ముఖం మీద రెండో వైపు నీడ తేలికైంది. నాతో వచ్చిన తమ్ముణ్ని ముందు కూర్చోబెట్టి అన్నీ సరిచూసుకున్నా. స్టైకెన్ దగ్గర నేర్చుకున్న పాఠం అది. వ్యాపారి టైమ్‌ని మన సెట్టింగుల కోసం వాడుకోకూడదు.

మూడో రోజు ఆయన్ని కూర్చోమన్నా. ‘చొక్కా మార్చుకోనా?’ అన్నారు. ‘మీ ఇష్టం’ అన్నా. మార్చుకోలేదు. ‘పుస్తకంలో అంకెలు పడకూడదు’ అన్నారు. పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకోమన్నా. అప్పుడు ఒకే ప్రశ్న అడిగా: ‘కాయ చూడగానే ఇది నిలవుంటుందా లేదా అని ఎలా చెప్తారు బాబాయ్?’ ఒక కాయ తీసుకున్నారు. బొటనవేలు తొడిమ దగ్గరికి వెళ్లింది. చెప్పడం మొదలుపెట్టారు. చెప్పి చెప్పి, నాకు అర్థమైందో లేదో అని నేరుగా నా వైపు చూశారు. ఎడమ కనుబొమ్మ కొంచెం లేచింది.

అది పోజే. కూర్చోబెట్టింది నేనే, లైటు పెట్టింది నేనే. అయినా ఆ ఫొటోలో ఉన్నది ఆయనే. ఇప్పుడు ఆయన మామిడి డబ్బాల మీద అదే ఫొటో వేస్తున్నారు.

స్టీవ్ జాబ్స్ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూసే నలుపు తెలుపు ఫొటో గుర్తుందా? ఆయన జీవిత చరిత్ర పుస్తకం అట్ట మీద ఉన్నది. 2006లో ఆల్బర్ట్ వాట్సన్ తీశారు. ఆయన కూడా జాబ్స్‌ని ‘నవ్వండి’ అనలేదు. కెమెరా వైపే చూస్తూ చేతిలో ఉన్న ప్రాజెక్టు గురించి, మిమ్మల్ని ఎదిరించేవాళ్ల గురించి ఆలోచించమన్నారు. అంటే పనిని తలచుకోమన్నారు. ఢిల్లీకి మామిడి పంపే వ్యాపారికైనా, ఐఫోన్ తయారుచేసే జాబ్స్‌కైనా పని గుర్తొస్తేనే ముఖం తన ఇంటికి తాను వస్తుంది.

మీరు మొదలుపెట్టాలంటే

కంపెనీ వెబ్‌సైట్లు, వార్షిక నివేదికలు, సంఘాల సావనీర్లు, స్టార్టప్ పేజీలు... అన్నిటికీ పోర్ట్రెయిట్లు కావాలి. పద్ధతిగా చదువుకోవాలంటే హైదరాబాద్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో ఫొటోగ్రఫీలో బీఎఫ్‌ఏ ఉంది. పీజీ స్థాయిలో ఎన్‌ఐడీ గాంధీనగర్ క్యాంపస్‌లో ఫొటోగ్రఫీ డిజైన్ ఉంది. చదవకుండా నేర్చుకోవాలన్నా దారి ఉంది. మీ ఊళ్లో రైస్ మిల్లు యజమాని, విత్తనాల డీలర్, మీరు తినే మెస్ నడిపే ఆంటీ... వీళ్లంతా వ్యాపారవేత్తలే. పది మందిని తీయండి. ఆ పదే మీ పోర్ట్‌ఫోలియో.

వెళ్లే ముందు ఆ మనిషి గురించి చదవండి, అడగండి. డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి గారు తాడేపల్లిలో పసుపు రైతు కొడుకు, రసాయన శాస్త్రం చదివిన మనిషి. ఇంత తెలిస్తే చాలు, అలాంటి మనిషిని కారు పక్కన నిలబెట్టాలా, ల్యాబ్‌లో నిలబెట్టాలా అన్నది మీకే తట్టేస్తుంది.

పెద్ద కెమెరా లేదా? ఫర్వాలేదు. ఫోన్‌తో తీసేటప్పుడు దగ్గరికి దూరితే ముక్కు పెద్దగా వస్తుంది. రెండడుగులు వెనక్కి వేసి 2ఎక్స్ వాడండి. కిటికీ పక్కన కూర్చోబెట్టి ట్యూబ్‌లైట్ ఆపేయండి, రెండు రంగుల వెలుతురు కలవకుండా ఉంటుంది. ఎడిటింగ్‌లో మొటిమ తీసేయొచ్చు, అది వారంలో పోయేదే. మచ్చ తీసేముందు అడగండి, అది ఆయనది. రంగు మాత్రం తెల్లగా చెయ్యకండి. స్టూడియోల్లో ఇది అలవాటుగా జరిగిపోతోంది. ఎండలో నలభై ఏళ్లు వ్యాపారం చేసిన మనిషిని పాలరంగులో చూపించడం ఆయన నలభై ఏళ్లనీ చెరిపేయడమే.

డబ్బు విషయం ముందే రాతలో పెట్టుకోండి: ఎన్ని ఫొటోలు, ఎక్కడ వాడతారు, అడ్వాన్స్ ఎంత. ఇంకో ముఖ్యమైన సంగతి చాలామందికి తెలియదు. మన కాపీరైట్ చట్టం 1957లోని 17వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి అడిగి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. తీసింది మీరే కదా అని మీ ఇష్టమొచ్చినట్టు వాడుకోవడానికి లేదు. మీ పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవాలన్నా ఆ మాట ఒప్పందంలో రాయించుకోండి. ఆ చట్టం నాకు అప్పుడే తెలిసుంటే ఆ ముగ్గురు రైతులు అంత పొద్దున్నే లేచి రావాల్సిన పని ఉండేది కాదు.

మీ ముఖం సంగతేంటి?

చివర్లో చెప్తానన్న మాట ఇదే. ఉద్యోగాల వేటలో మీరూ రోజూ ఒక పోర్ట్రెయిట్ పంపుతున్నారు. రెజ్యుమె మీద, లింక్డ్‌ఇన్ మీద. ఈమధ్య ఏఐ యాప్‌లో సెల్ఫీ పడేస్తే కోటు, టై, వెనకాల అద్దాల ఆఫీసుతో ఫొటో వచ్చేస్తోంది. బాగానే ఉంటుంది. కానీ ఇంటర్వ్యూ గదిలోకి ఆ ఫొటో వెళ్లదు, మీరే వెళ్లాలి. తలుపు తియ్యగానే ‘ఈ మనిషేనా?’ అని ఎదుటివాళ్లు ఒక్క క్షణం ఆగితే, ఆ క్షణం మీకు నష్టమే. రెజ్యుమెలో చెయ్యని ప్రాజెక్టు రాసినా అంతే. అద్దె కోటులో బాబాయ్ ఎంత ఇబ్బందిగా కూర్చున్నారో, ప్యానెల్ ముందు మీరూ అంతే ఇబ్బందిగా కూర్చోవాలి.

అలాగని ‘నేనింతే’ అని నలిగిన చొక్కాతో వెళ్లమని కాదు. బాబాయ్ కూడా ఫొటోకి ముందు జుట్టు దువ్వుకున్నారు. పద్దు పుస్తకం మూసుకున్నారు. ఏది చూపించాలో, ఏది దాచుకోవాలో ఆయన నిర్ణయించుకున్నారు. చూపించినంతవరకు అబద్ధం లేదు. నిజాయితీ అంటే నాకు తెలిసినంతలో అంతే.

ఈ ఆదివారం ఒక పని చెయ్యండి. మీ ఇంట్లో కష్టపడి డబ్బు సంపాదిస్తున్న మనిషిని, నాన్నో అమ్మో అన్నయ్యో, కిటికీ పక్కన కూర్చోబెట్టండి. నవ్వమనకండి. ‘నీ పనిలో అన్నిటికంటే కష్టమైంది ఏంటి?’ అని అడగండి. చెప్పేదాకా కెమెరా ఎత్తకండి. తీశాక ముందు వాళ్లకే చూపించండి. ‘ఇది నేనే’ అన్నారా, మీకు పని వచ్చినట్టే. ‘ఇది తీసెయ్’ అన్నారా, తీసేయండి. అప్పుడు కూడా మీకు పని వచ్చినట్టే.